తలుపు బయట మేస్టారు

మేస్టారు పోయారని కబురు వచ్చినప్పుడు నేను చేపల పులుసుకి చింతపండు పిసుకుతున్నాను. చెయ్యి కడుక్కోకుండానే ఫోనెత్తాను. మా డిగ్రీ బ్యాచి అమ్మాయి. "మేస్టారు ఎల్లిపోనారే," అంది. ఏ మేస్టారని నేను అడగలేదు. మాకు పాఠాలు చెప్పినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు గానీ, ముందూ వెనకా ఏ పేరూ తగిలించకుండా ఉత్తినే మేస్టారంటే మా బ్యాచికి ఆయనొక్కరే. ఆ పూట పులుసులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. మా ఆయన తనే ఉప్పు కలుపుకుని తిన్నాడు.

ఆయన విజయనగరం మనిషి. ఇంటినిండా సంగీతం ఉన్న కుటుంబం. "మా ఇంట్లో గోడలకి కూడా సుతి ఉన్నాది, నాకే లేదు," అనేవారు. రోజూ పాసింజరు రైల్లో ఆమదాలవలస దాకా వచ్చి, అక్కణ్ణించి బస్సెక్కి శ్రీకాకుళంలో మా కాలేజీకి వచ్చేవారు. టైము విషయంలో ఆయనది పిచ్చి. రైలు ఎంత సతాయించినా, వాన పడినా, ఏ రోజూ బెల్లు ఆయనకంటే ముందు మోగలేదని సీనియర్లు చెప్పేవారు. చొక్కా కాలరు వెనక చేతిరుమాలు మడిచి పెట్టుకునేవారు. సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే దాన్ని సర్దుకోవడం అలవాటు, దాంతో మధ్యాహ్నానికల్లా మెడ వెనక తెల్లగా అయిపోయేది. క్లాసులో ఉన్నంతసేపూ నిలబడే ఉండేవారు. కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంచారని అడిగితే, "దానికీ కొంచెం విశ్రాంతి ఉండాలి కదా," అనేవారు.

చెప్పేది ఇంగ్లీషు, మాటాడేది మా యాస. మొదటి రోజు వెనక బెంచీలవాళ్లు కిసుక్కుమన్నారు. ఆయనకేం కోపం రాలేదు. "నవ్వుకోండి. ఇంగ్లీషోల దేశంలో కూడా ఊరికో యాస ఉన్నాది. ఆలకి లేని సిగ్గు మనకేటి?" అన్నారు. నేను కళింగపట్నం నుంచి వచ్చేదాన్ని. మా నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఇంటి దగ్గర నా నోటికి ఊరంతా జడుస్తుంది గానీ కాలేజీలో నోరు తెరిస్తే చేపల వాసనొస్తుందేమోనని మూసుకుని కూర్చునేదాన్ని. ఆ మాట విన్నాక ప్రాణం లేచి వచ్చింది. తరవాత నా నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు, అది వేరే సంగతి.

ఆఖరి సంవత్సరంలో ఆయన చెప్పిన పేపరు ఊహాదేశాల నవలల గురించి. కష్టమూ కన్నీరూ లేని మంచి దేశాలు ఒక రకం. అందరికీ మంచి చేద్దామని మొదలుపెట్టి ఆఖరికి మనిషన్నవాణ్ణి నమిలి ఊసేసే దేశాలు రెండో రకం. సిలబస్‌లో ఉన్నవి నాలుగో అయిదో. ఆయన మాత్రం ఎక్కడెక్కడివో చెప్పేవారు, కొన్ని అక్కడికక్కడే అల్లేవారని నా అనుమానం. ఒక దీవిలో ఎవరికిష్టమైన పని వాళ్లే చేసుకుంటారట, అందరూ హాయిగా ఉంటారట, ఒక ముసలాయన చచ్చిపోతే గొయ్యి తవ్వడం మాత్రం ఎవరికీ ఇష్టం లేదట. ఇంకో దేశంలో మధ్యాహ్నం దాకా ఎవరూ దిగులుపడకూడదని చట్టమట, పన్నెండు కొట్టగానే ఊళ్లకు ఊళ్లు గొల్లుమంటాయట. చెప్పేసి, సుద్దముక్క చెవి మీద దోపుకుని మావంక చూసేవారు.

"మంచి దేశమని ఎవుడైనా కథ సెప్తే రాజెవుడని అడక్కండి. అక్కడ ముసిలోలెక్కడ కూకుంతారు, జొరమొచ్చినోడు ఎక్కడ తొంగుంతాడు, అదడగండి. సగం దేశాలు అక్కడే బోర్లా పడిపోతాయి," అనేవారు.

అడగడంతో సరిపెట్టే మనిషైతే ఇంత రాయను. ఏటేటా ఆ పేపరు మొదలయ్యే రోజుల్లో ఆయన ఒక పని చేసేవారు. క్లాసుని ఒక దేశం అనుకోమనేవారు. పిల్లలే చట్టాలు చెయ్యాలి, చేతులెత్తి తీర్మానించాలి. ఆయనకి ఓటు లేదు. "నాను ఉట్టి పౌరుణ్ణి. మీరేటి సేస్తే దానికి కట్టుబడతాను," అనేవారు. ఏదో మాటవరసకి అంటున్నారని కొత్తవాళ్లు అనుకునేవారు. ఒక బ్యాచివాళ్లు క్లాసులో చెప్పులు వద్దన్నారట, చలికాలమంతా చల్లటి గచ్చు మీద ఒట్టికాళ్లతో పాఠం చెప్పారు. ఇంకో బ్యాచివాళ్లు అడిగితేనే ఎవరైనా మాటాడాలన్నారట. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పీరియడంతా నోరు మెదపకుండా నిలబడి, బెల్లవగానే వెళ్లిపోయారు. మర్నాడు ఆయన్ని అడగడానికి క్లాసులో చేతుల అడవి లేచిందని సీనియర్లు చెప్పి చెప్పి నవ్వేవారు.

ఇక మా బ్యాచి. మాలో బైకు బాబు అని ఒకడుండేవాడు. ఆ పేరు అమ్మాయిలం పెట్టిందే. వాళ్ల నాన్న పెద్ద కాంట్రాక్టరు, కాలేజీ ప్రహరీ గోడ కట్టింది కూడా ఆయనే. వీడు ప్రతి క్లాసుకీ సగంలో వచ్చేవాడు. తలుపు ధడాలున తోసి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నడిచి వెళ్లి కూర్చునేవాడు. మాలో ఎవరైనా ఒక్క నిమిషం ఆలస్యమైతే చీవాట్లు పెట్టే లెక్చరర్లు వాణ్ణి చూసి చిన్న నవ్వు నవ్వి ఊరుకునేవారు. నాకు కడుపు మండిపోయేది.

చట్టాల రోజున అందరికంటే ముందు నేనే లేచాను. "బెల్లయినాక తలుపు బోల్టెయ్యాలి మేస్టారూ. ఎవులొచ్చినా తియ్యకూడదు. ఆడి బాబొచ్చినా తియ్యకూడదు," అన్నాను.

క్లాసంతా బల్లలు చరిచింది. మరి నిజంగా ఏదైనా ఇబ్బంది వచ్చినవాళ్లో, అని ఎవరో గొణిగారు. "కారణాలు సెప్పడం ఉన్నోలకే బాగొస్తాది. కారణాలొద్దు," అన్నాను. బైకు బాబు వాళ్ల నాన్న చేత చెప్పించి మార్పించేస్తాడేమోనని ఇంకో ముడి కూడా వేశాను. ఏడాది చివరిదాకా ఈ చట్టం మార్చకూడదు. చేతులన్నీ లేచాయి. బైకు బాబు కూడా నవ్వుతూ చెయ్యెత్తాడు.

మేస్టారు బోర్డు మీద రాసి, నా వైపు తిరిగారు. "మరోసారి ఆలోసించమ్మా. తలుపుకి ఎవులు మనోలో, ఎవులు కారో తెలీదు."

"తెలీకపోడమే నాయం మేస్టారూ," అన్నాను.

ఆయన తల ఊపారు. ఆ క్షణాన నాకంటే గొప్ప పాలకురాలు ఈ భూమ్మీద లేదనుకున్నాను.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నాకు పడ్డానికి ఎంతో కాలం పట్టలేదు. పడవ దగ్గర ఇసకలో మా అమ్మ కాలు మడతపడి ఎముక విరిగింది. పిండికట్టు కట్టి మంచం మీద కూర్చోబెట్టారు. తెల్లారగట్ల పడవలొచ్చే వేళకి ఒడ్డున ఉండాలి, వేలం పాటలో చేపలు కొనుక్కోవాలి, కడిగి ఇసకలో ఎండకి పరవాలి, కాకుల్ని తోలడానికి ఎవరినో బతిమాలి కూర్చోబెట్టాలి. అవన్నీ నా నెత్తిన పడ్డాయి. పడవలు గాలిని బట్టి వస్తాయి గానీ కాలేజీ బెల్లుని బట్టి రావు కదా. నేనెక్కాల్సిన బస్సు రోజూ నా కళ్లముందే వెళ్లిపోయేది. తరవాతి బస్సు పట్టుకుని, పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మేస్టారి మొదటి పీరియడుకి తలుపు బోల్టు పడి ఉండేది.

మొదటి రోజు నన్ను కిటికీలోంచి చూసి ఒకమ్మాయి తలుపు తియ్యడానికి లేచింది. "తియ్యకు," అన్నాను. "నాకోసం ఈ రోజు తీస్తే రేపు ఆడికోసం తీస్తావు. నాను సెయ్యెత్తిన సట్టం, నానే తప్పను."

రోషం అంటే అదీ. మేస్టారు కిటికీ ఊచల్లోంచి నావంక చూశారు. హాజరు పిలుస్తూ నా నంబరు దగ్గర ఆగారు. జవాబు లేదు. గైర్హాజరు వేసుకున్నారు. నేను కిటికీ కింద గచ్చు మీద చతికిలబడి పాఠం విన్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వరండాలో పోయేవాళ్లు ఏం తప్పు చేశావని అడిగేవారు. దేశాన్ని పాలిస్తున్నానని చెప్పేదాన్ని.

నవ్వుతూ చెప్తున్నాను గానీ అప్పుడు లోపల వణుకే. హాజరు చాలకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. నాన్న ముందే చెప్పేశాడు. "ఈ ఏడు తప్పితే సదువు సాలు. మీ పెద్దమ్మ కూతురిలాగ రొయ్యల కంపెనీలో సేరిపో." ఆ అక్క చేతులు నాకు తెలుసు. పొద్దస్తమానం ఐసు నీళ్లలో నాని, పాలిపోయి, వేళ్లు ముడుచుకోవడం కూడా కష్టమైన చేతులు. వరండాలో కూర్చుని నేను నా చేతులే చూసుకునేదాన్ని. అయినా తలుపు తియ్యమని అడగడానికి నోరు రాలేదు. పైగా లోపల మొదటి బెంచీలో, బెల్లుకి ముందే వచ్చి, బుద్ధిమంతుడిలా బైకు బాబు. చట్టం వచ్చిన రోజునుంచీ వాడు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. అది చూస్తే ఇంకా మండేది.

అలా ఉండగా ఒక రోజు బెల్లు మోగింది, లోపలివాళ్లు బోల్టు వేసేశారు, మేస్టారు రాలేదు. నేను వరండా గచ్చు మీదే ఉన్నాను. కాసేపటికి గేటు దగ్గర ఆయన కనిపించారు, ఇంచుమించు పరుగు. చెమటలు కారుతున్నాయి, కాలరు వెనక రుమాలు ఎక్కడో జారిపోయింది. తలుపు తోశారు. అది కదల్లేదు. లోపల ఎవరో కంగారుగా బోల్టు మీద చెయ్యి వేసిన చప్పుడైంది.

"ఆగు. బెల్లయిపోనాది కదా," అన్నారు మేస్టారు.

తలుపు చెక్క మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన ఇటు తిరిగి, "కూకోమ్మా. నాను కూడా నీలాగే," అని, ఆ గచ్చు మీద నా పక్కన కూర్చున్నారు. ఆయన కూర్చోగా నేను చూడ్డం అదే మొదలు. నాకేం చెయ్యాలో తెలీక పుస్తకాల సంచీ ఒళ్లోకి లాక్కున్నాను.

"ఇక్కణ్ణించి బోర్డు కనబడతాదా?"

"సగం కనబడతాది మేస్టారూ."

"ఎండో?"

"ఇంకాసేపట్లో మీదకొచ్చీస్తాది."

ఆయన హాజరు పట్టీ మోకాలి మీద పెట్టుకుని నంబర్లు పిలిచారు. లోపల్నించి ఒక్కొక్కరూ ప్రెజెంట్ సార్ అని కిటికీలోంచి అరుస్తున్నారు. ఆయన తల అడ్డంగా ఊపుతూ పోయారు. "మేస్టారు ఉన్నకాడే క్లాసు. నా ఎదురుగున్నోలే ఉన్నట్టు," అన్నారు. నా నంబరు వచ్చింది. పలికాను. ఆ రోజు క్లాసు మొత్తానికి హాజరైంది నేనొక్కర్తినే. తరవాత నా ఒక్కదానికి, ఎండ మీదకి వచ్చేదాకా పాఠం చెప్పారు. లోపలివాళ్లు కిటికీకి అతుక్కుపోయి విన్నారు.

ఆ మర్నాడూ ఆయన బెల్లయ్యాకే వచ్చారు. తరవాత రోజూ అంతే. వచ్చి, గచ్చు మీద కూర్చుని, పట్టీ తీసేవారు. ప్రిన్సిపాలు చూసి అవాక్కయిపోయాడు. "ఏటండీ మేస్టారూ, మీరు వరండాలో కూకోడమేటి?" అన్నాడు.

"మా దేశంలో నన్ను లోపలికి రానివ్వరండి. సట్టం. ఈ అమ్మాయే సేసింది. మంచి సట్టమేనండి, తలుపు దగ్గిరే కొంచెం ఇరుకు," అన్నారు మేస్టారు, ఎంతో మర్యాదగా.

ప్రిన్సిపాలుకి తల తిరిగింది. రోజూ ఆలస్యంగా వస్తున్నందుకు ఆయనకి మెమో ఇచ్చాడు. సర్వీసులో మొదటిదట. మేస్టారు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని పాఠంలోకి వెళ్లిపోయారు. ఒక మనిషి తన మాటకి ఇంతగా కట్టుబడి ఉండగలడా అని నోరు వెళ్లబెట్టుకుని చూశాను. ఇప్పటికీ అలాగే చూస్తున్నాను.

ఇక మావాళ్లు మొదలుపెట్టారు. ముందు ఇద్దరు, తరవాత నలుగురు, కావాలనే గేటు దగ్గర తచ్చాడి బెల్లయ్యాక వచ్చి వరండాలో కూలబడేవారు. కొన్నాళ్లకి వరండా నిండిపోయి మెట్ల మీద దాకా కూర్చున్నారు. ఒక రోజు చూస్తే లోపల బైకు బాబు ఒక్కడే మిగిలాడు. బోల్టు కూడా వాడే వేసుకున్నాడు. మేమందరం ఒకళ్ల మీద ఒకళ్లం పడి నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మేస్టారు నవ్వలేదు. "ఆడక్కడేటి సేస్తన్నాడమ్మా?" అని నన్నడిగారు.

"రాజులాగ కూకున్నాడు మేస్టారూ."

"ఎవులికి రాజు? ఓసారి సరిగ్గా సూడు."

కిటికీ దగ్గరకి వెళ్లి చూశాను. అన్ని ఖాళీ బెంచీల మధ్య వాడు తల వంచుకుని కూర్చున్నాడు. మా నవ్వులకి చెవులు ఎర్రబడిపోయాయి. బయట మేస్టారు చెప్పేదాంట్లో వినబడినంత రాసుకుంటున్నాడు. ఎవణ్ణి బయట పెట్టడానికి ఆ చట్టం చేశానో, దేశం మొత్తమ్మీద దాన్ని పాటిస్తున్నవాడు వాడొక్కడే.

తలుపు కొట్టాను. "తియ్యి."

"బెల్లయిపోయింది కదా," అన్నాడు లోపల్నించి. వెటకారమేమీ లేదు.

"నాకు తెలుసు. సేసింది నానే. తియ్యి."

"నేను బయటికి రావాలా, నువ్వు లోపలికొస్తావా?"

మేస్టారి వంక చూశాను. ఆయన ఆకాశంవంక చూస్తున్నారు. మెట్ల దాకా కూర్చున్న మావాళ్లని ఓసారి వెనక్కి తిరిగి చూశాను.

"తీసుంచు. ఎవులికి కావలసినట్టు ఆలు," అన్నాను.

బోల్టు తీసిన చప్పుడు వినబడింది. అందరం లేచి లోపలికి వెళ్లాం. చట్టం రద్దయిందని ఎవరూ ప్రకటించలేదు. అందరికంటే ఆఖర్న మేస్టారు గడప దగ్గర ఆగి, "నాను కూడా రావచ్చా?" అని అడిగారు. బైకు బాబు బయట పడి ఉన్న ఇటుక ఒకటి తెచ్చి తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టాడు. ఏడాది చివరిదాకా అది అక్కడే ఉంది. నా హాజరు సరిపోయింది. పరీక్ష రాశాను. ఇప్పుడు నేనూ బళ్లో పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నాను.

ఆ పిల్లలకి ఏటా ఈ కథ చెప్తాను. మేస్టారు మాకు గుణపాఠం నేర్పడానికి ఎంత తెలివిగా ఎత్తు వేశారో, కావాలని ఎలా ఆలస్యంగా వచ్చారో, అభినయించి మరీ చెప్పేదాన్ని. మొన్న వేసవి ముందు ఆయనకి బాగోలేదని తెలిసి విజయనగరం వెళ్లినప్పుడు, మంచం పక్కన కూర్చుని ఆయనకే చెప్పాను. పక్క గదిలో ఎవరో పిల్ల వయొలిన్ సాధన చేస్తోంది. ఆయన చాలా సన్నబడిపోయారు. నా కథ విని దగ్గొచ్చేదాకా నవ్వారు.

"ఎత్తూ లేదు, గిత్తూ లేదు. మొదటినాడు నిజంగానే రైలు లేటు. పరిగెట్టుకొచ్చేను. తలుపు తోస్తే రాలేదు. ఓలమ్మా, ఈ పిల్ల రోజూ ఇలగ నిలబడతన్నాదా అనిపించింది. అన్నేళ్లు ఆ నవలలు సెప్పేను గానీ, అన్నీ లోపల నిలబడి సెప్పినవేనమ్మా."

"మరి రెండోనాటి నుంచీ?"

మంచినీళ్లు తెచ్చిన ఆయన భార్య అందుకున్నారు. "రైలు టైముకే వచ్చీది. మీ మేస్టారు ఆమదాలవలస స్టేషన్లో బల్ల మీద కూకుండిపోయీవోరు. కళ్లముందే బస్సులు ఎల్లిపోతంటే ఎక్కీవోరు కారు. బెల్లు టైమవుతంటే వాచీ తీసి జేబులో పెట్టీసీవోరంట. ఇంటికొచ్చి సెప్పుకుని బాధపడీవోరు."

"ఊరుకోవే," అన్నారు మేస్టారు గోడవైపు తిరుగుతూ.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "ఎందుకు మేస్టారూ అంత కష్టం? పాఠం నేర్పాలంటే క్లాసులోనే సెప్తే సరిపోయీది కదా," అన్నాను.

"పాఠమేటి," అన్నారు ఆయన. "నాను లోపలుంటే నీకు హాజరు ఎయ్యడానికి లేదు. తలుపు తీసినా నువ్వు రావు. నానూ బయటుంటే ఎయ్యొచ్చు. నీకు పరీక్ష ఉన్నాది కదమ్మా."